పిడి మెడ ఎందుకు అరిగింది

జనవరి 12

ఎందుకమ్మా,

బానే ఉంది అని రాస్తే, బానే అంటే ఎంత బాగు, ఎక్కడ బాగు, ఎప్పుడు బాగాలేదు అని మళ్ళీ నాలుగు పేజీలు అడుగుతావా? ఫోన్లో అడిగి ఉంటే హాయిగా ఊ అనేవాణ్ణి. మీ డిజైను కోర్సు మాస్టారు "మనుషుల మాట వాళ్ళ చేతిరాతలోనే తెప్పించు" అన్నారట. దాంతో నీకు ఉత్తరాల పిచ్చి పట్టింది, నాకు వేళ్ళ నొప్పి పట్టింది. చిన్నప్పుడు నోరు తెరిస్తే ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసేదానివని నీకా పేరు పెట్టాను. ఆ పాపం ఇప్పుడు నాకే తిరిగొచ్చి తగులుతోంది.

సరే, నువ్వొచ్చి వెళ్ళి వారమైంది. మా లాండ్రీ ఆ రెండు రోజులున్నంత శుభ్రంగా కట్టిన రోజు కూడా ఉండి ఉండదు. నువ్వు స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, నా చెయ్యి ఎటు పోతే అటు చూస్తుంటే, ముప్ఫై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న నా చేతులు ఒక్కసారిగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీ పక్కన మీ ఆఫీసు సీనియరు, ఆ బూట్లాయన. ఆయన బూట్లలో నా మొహం కనపడింది. గడ్డం గీసుకుని రావాల్సింది అనుకున్నా.

నీ ప్రశ్నలకి జవాబులు. దుప్పట్లు ఉతికే డ్రమ్ము లోపలికి మనిషి దిగి పీచు గీకే పని ఎన్నాళ్ళకోసారి ఉంటుంది అన్నావు. అరుదు. నువ్వే చూశావుగా, రెండు రోజుల్లో ఒక్కడూ దిగలేదు. డ్రమ్ము తిప్పే ఇనప పిడి ఒకవైపు, మనిషి దూరే తలుపు అవతలివైపు ఎందుకు అన్నావు. కట్టినవాణ్ణి అడగాలి, ఆయన పోయి చాలా కాలమైంది. ఇక ఆఖరిది. పిడికి చెయ్యి పట్టే చోట కాకుండా కిందుగా మెడ దగ్గర నున్నగా ఎందుకు అరిగింది అన్నావు. పాతది కదమ్మా, అరుగుతుంది. నా మోకాళ్ళూ అరిగాయి, వాటి సంగతి ఎవరూ రాసుకోవట్లేదు.

మీ అత్తయ్య నిన్ను తిండి మానొద్దంటోంది. మీ అమ్మకి అన్నగా నా అధికారం గుర్తు చెయ్యి.

మీ మావయ్య


జనవరి 28

మావయ్యా,

నీ ఉత్తరం క్లాసులో చదివాను. బూట్ల దగ్గర అందరూ నవ్వారు. మా సీనియర్ క్లాసులో లేరు, నా అదృష్టం.

మా మాస్టారు మొదటి రోజే బోర్డు మీద ఒక మాట రాశారు. వాడేవాడు తప్పు నొక్కితే, ఆ తప్పు తయారుచేసినవాడిది. ఏడాదంతా మేం నేర్చుకునేది దాని చుట్టూనే. నొక్కగానే నొక్కినట్టు తెలియాలి. చేసింది వెనక్కి తీసుకునే దారి ఉండాలి. రోజూ చేసే పని కళ్ళెదురుగా ఉండాలి, ఎప్పుడో చేసేది లోపల ఉండాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. చెయ్యబోతే ఒక బొత్తాం ఎక్కడ పెట్టాలో తేలక మూడు రోజులు పోతాయి.

మీ పాత పిడుల బదులు మా ఆఫీసు బిగించబోయే స్క్రీను బొమ్మలు అట్టముక్కల మీద గీసి పంపుతున్నాను. నిజం స్క్రీను అనుకుని వేలితో నొక్కండి. నొక్కేటప్పుడు మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పండి, నువ్వు రాసుకో. పచ్చది నొక్కితే డ్రమ్ము తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. లోపలికి దిగడం అరుదన్నావు కాబట్టి, 'లోపల మనిషి' అనే తాళాన్ని పై మూలన ఉన్న మూడు గీతల వెనక పెట్టాను. ఆ గీతలు నొక్కితే జాబితా తెరుచుకుంటుంది, అందులో నాలుగోది. అది వేస్తే పచ్చది పనిచెయ్యదు.

ఇది నా మొదటి పని మావయ్యా. అది నీ చేతి కింద ఉండబోతోందంటే నాకు గర్వంగా ఉంది. మెచ్చుకోకు, తిట్టు. మాస్టారు అంటారు, తెలిసినవాళ్ళు మర్యాదకి బాగుందంటారు, వాళ్ళ నోరు కాదు చేతులు చూడమని. నేను నీ చేతులు చూశాను. నాకు నమ్మకమే.

పిడి మెడ సంగతి మాత్రం నాకింకా తేలలేదు.

నీ ఎందుకమ్మ


ఫిబ్రవరి 9

మేడమ్ గారికి,

ఆజ్ఞ ప్రకారం అన్నాలయ్యాక నీ అట్టముక్కలు ఇస్త్రీ బల్ల మీద పరిచి అందర్నీ పిలిచాను. మన బక్కోడు, అదే, నాతోబాటు ఇరవై ఏడేళ్ళుగా మూడో డ్రమ్ము దగ్గర ఉన్నవాడు, పచ్చది ఎంత గట్టిగా నొక్కాడంటే అట్టకి చిల్లు పడింది. "తిరగట్లేదు" అన్నాడు. అట్ట తిరగదురా అన్నాను. "మరి నొక్కమన్నారెందుకు" అన్నాడు. ఎందుకు అనడంలో నీకు తమ్ముడు దొరికాడు.

మూడు గీతలు చూసి వాడు ఇది నిచ్చెనా అని అడిగాడు. ఇంకొకాయన దువ్వెన అన్నాడు. నోళ్ళు మూసుకోండ్రా, మా అమ్మాయి చేసింది, బయట పరువు తియ్యకండి అన్నాను. కాబట్టి రాసుకో, అందరికీ అర్థమైంది. అన్నీ బానే ఉన్నాయి.

నేను పైకి ఏమనుకున్నానో చెప్పమన్నావు. మా మేనకోడలు ఎంత చక్కగా గీతలు గీసిందో అనుకున్నా. అంతే అనుకున్నా.

మీ మావయ్య


మార్చి 22

ఎందుకమ్మా,

స్క్రీన్లు బిగించారు. బూట్లాయనే దగ్గరుండి బిగించాడు. పాత పిడులు పీకి వెనక ఇనప సామాన్ల గదిలో పడేశారు. బక్కోడు మూడో పిడిని ఒకసారి పట్టుకుని చూసి అక్కడ పెట్టి వచ్చాడు, చుట్టాన్ని బండెక్కించినట్టు.

నీ స్క్రీను అద్దంలా ఉంది. నున్నగా, పలకంత, బొటనవేలు మందం. దానికి ఏదీ పట్టదు. దుమ్ము పట్టదు అని నా ఉద్దేశం. పచ్చది పచ్చగా, ఎర్రది ఎర్రగా ఉంది. ఎలా ఉంది అని మీ సీనియరు కాగితం ఇచ్చి గళ్ళలో టిక్కు పెట్టమన్నాడు. అన్నిటికీ 'చాలా సులువు' గడిలో పెట్టాను. ఒక్కటి కూడా వదల్లేదు. సంతకం కూడా గుండ్రంగా వచ్చింది.

మీ మావయ్య


ఏప్రిల్ 20

అమ్మా,

మొన్న మూడో డ్రమ్ములో బక్కోడికి దెబ్బ తగిలింది. లోపలుండగా సగం చుట్టు తిరిగింది. భుజం ఎముకా మోచెయ్యీ విరిగాయి. ప్రాణానికి భయం లేదన్నారు. నీకు వేరేవాళ్ళ నోట తెలియకూడదని రాస్తున్నా. నీ స్క్రీను బానే పనిచేస్తోంది.

మావయ్య


మే 2

మావయ్యా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఫోను చేస్తే అత్తయ్య తీసి, స్నానం చేస్తున్నావంది. మూడుసార్లూ స్నానమే. నామీద కోపంగా ఉన్నావని తెలుస్తోంది. ఉండాలి కూడా.

మా ఆఫీసుకి రిపోర్టు వచ్చింది. "సదరు పనివాడు తాళం వేయకుండా డ్రమ్ములోకి దిగినందున" అని ఉంది. కింద మా సీనియర్ ఒక లైను రాశారు. 'వాడినవారి పొరపాటు, స్క్రీనులో లోపం లేదు.' నన్నూ సంతకం పెట్టమన్నారు. మొదటి రోజు బోర్డు మీద చూసిన మాటకి సరిగ్గా తలకిందులుగా ఉన్న కాగితం మీద నా మొదటి సంతకం. పెట్టేశాను మావయ్యా. సిగ్గుతో ఆ రోజు క్లాసుకి వెళ్ళలేదు, తర్వాత కూడా వెళ్ళలేదు.

మీ లాండ్రీలో ఇరవై ఏడున విచారణ అట. తాళం వెయ్యకుండా దిగినందుకు బక్క మావయ్యని పనిలోంచి తీసేస్తారట. నాకు ఒక్కటి చెప్పు. ఆయనకి తాళం ఎక్కడుందో తెలుసా? నేనేమైనా చూడకుండా వదిలేశానా? పచ్చది నొక్కింది ఎవరు?

ఈ పని నాకు చేతకాదేమో. కోర్సు మానేస్తానని మాస్టారికి చెబుదామనుకుంటున్నాను.

నీ మేనకోడలు


మే 9

అమ్మా,

నీ మీద నాకు కోపమేంటి, పిచ్చిపిల్లా. నిజంగా స్నానాలే చేస్తున్నా, ఎండలు మండుతున్నాయి.

నువ్వు చూడకుండా వదిలేసింది ఏమీ లేదు. ఉన్నదంతా చూశావు. బక్కోడే తాళం మర్చిపోయానని పై అధికారి ముందు ఒప్పుకున్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇక దాన్ని తవ్వకు. వాడు కోలుకుంటాడు, ఏదో ఒక పని చూసుకుంటాడు. నువ్వు సంతకం పెట్టి మంచి పని చేశావు, ఉద్యోగం నిలబెట్టుకో. కోర్సు మానొద్దు. మీ అమ్మకి నేను సమాధానం చెప్పలేను.

పచ్చది నొక్కింది ఎవరో ఆ గొడవలో ఎవరూ చూడలేదు.

మావయ్య


మే 19

మావయ్యా,

నీకు చెప్పకుండా ఆదివారం ఆసుపత్రికెళ్ళి బక్క మావయ్యని చూశాను. ఆరో నంబరు మంచం, కిటికీ పక్కన. కుడి చెయ్యి మొత్తం కట్టు. నన్ను చూసి లేవబోయారు. మీరు కప్పుకున్న దుప్పటి కూడా మన లాండ్రీదేనా అంటే, "అంచు చూడమ్మా, మూడో డ్రమ్ముదే, నేను ఉతికిందే" అన్నారు.

క్షమించండి, తాళం మీకు కనపడేలా పెట్టలేకపోయాను అన్నాను. ఆయన నా మాట పట్టించుకోకుండా అటూ ఇటూ చూసి, మెల్లిగా అడిగారు. "అమ్మా, మీ మావయ్యని నా రెండో చెప్పు తెమ్మను. వీళ్ళు ఒకటే తెచ్చారు. రెండోది స్క్రీను వెనక పడుంటుంది."

స్క్రీను దగ్గర చెప్పేంటండీ అన్నాను. ఆయన ఒక్కసారిగా కళ్ళు మూసుకుని, నిద్రొస్తోందమ్మా అన్నారు. నిద్ర రాలేదు మావయ్యా, రెప్పలు కదులుతూనే ఉన్నాయి.

తిరిగొచ్చాక నా పాత నోటు పుస్తకం తీశాను. మీ లాండ్రీకి వచ్చిన మొదటి రోజు పేజీలో నేనే గీసుకున్న పిడి బొమ్మ ఉంది. మెడ దగ్గర అరిగినచోట బాణం గుర్తు, పక్కన 'ఎందుకు?' అని ఉంది. ఆ అరుగుడు వెడల్పు రెండు వేళ్ళు. చెప్పు పట్టీ అంత.

నువ్వు చెప్పేదాకా నేను ఇంకేమీ అనుకోను. కానీ చెప్పు.

నీ ఎందుకమ్మ


మే 27

ఎందుకమ్మా,

విచారణ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నా. ఇంకా పిలవలేదు. ఈ కాగితం ఎక్కడ ఆగితే అక్కడే మడిచి పోస్టు డబ్బాలో వేస్తా. ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ ధైర్యం చాలదు. ఇప్పటికి నాలుగు రాసి చించాను, మీ అత్తయ్య పొయ్యి దగ్గర కాగితాల కరువు తీరింది.

నువ్వు కనిపెట్టింది నిజమే. ఆ అరుగుడు చెప్పుదే.

మా పాత డ్రమ్ములు తలుపు తెరిచున్నా తిరుగుతాయి. ఆ సంగతీ నీకు చెప్పలేదు. అందుకని మేం చేరకముందు నుంచీ ఒక పద్ధతి ఉంది. లోపలికి దిగేవాడు ఎలాగూ చెప్పులు విప్పి దిగాలి, లేకపోతే లోపలి రేకు మీద గీతలు పడతాయి. విప్పిన వాటిలో ఒకటి పిడి మెడకి తగిలిస్తాడు. చెప్పు వేలాడుతున్నంతసేపూ మేనేజరొచ్చినా ఆ పిడి ముట్టుకోడు. తీసేది కూడా చెప్పు ఎవరిదో వాడే, వేరేవాడు తియ్యకూడదు. మర్చిపోయి వెళ్ళిపోవడం ఉండదు. ఒక కాలికి చెప్పు లేకుండా ఎంతదూరం పోతాడు? నాలుగడుగులకి కాలే గుర్తు చేస్తుంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క గోరు కూడా ఊడలేదు మా దగ్గర.

నువ్వొస్తున్నావని ముందు రోజు తెలిసింది. పక్కన ఆఫీసాయన కూడా వస్తాడని తెలిసింది. నేను అందర్నీ పిలిచి చెప్పా. రేపు మా అమ్మాయి వస్తోంది, చదువుకున్నవాళ్ళు, మిషనుకి చెప్పులు వేలాడేస్తే ఏమనుకుంటారు, రెండు రోజులు తగిలించొద్దు అన్నాను. అప్పుడు బక్కోడు అడిగాడు, "మరి లోపలికి దిగితే ఎట్లా?" దిగొద్దు అన్నాను. రోజుకి ఆరేడుసార్లు దిగే పనమ్మా అది. రెండు రోజులు ఆపించాను. నువ్వు వెళ్ళిన మర్నాడు ఒక్కో డ్రమ్ములోంచి గొర్రెపిల్లంత పీచు తీశాం. నువ్వేమో 'అరుదు' అని రాసుకున్నావు. ఆ మాట నీ పుస్తకంలోకి నేనే ఎక్కించాను. తాళాన్ని మూడు గీతల వెనకకి నెట్టింది నువ్వు కాదు.

ఆ గీతల సంగతి కూడా చెప్పేస్తా. నాకూ నిచ్చెనే అనిపించింది. మా ఊరి బళ్ళో మాస్టారు అర్థమైందా అంటే, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "అయిందండీ" అనేవాణ్ణి. అది ఒక్కటే నేను బళ్ళో నేర్చుకుని నేటిదాకా మర్చిపోని పాఠం. మీ సీనియరు గళ్ళ కాగితం మీద కూడా అదే రాశా.

పిడులు పోయాక చెప్పు స్క్రీను నెత్తిన పెట్టడం మొదలెట్టాం. బొటనవేలు మందం అని నీకు రాశాగా. రెండుసార్లు ఫ్యాను గాలికి జారింది. రెండుసార్లూ నవ్వుకున్నాం. మూడోసారి జారినప్పుడు చూసినవాడు లేడు. నేను వచ్చాను. చెప్పు లేదు. పచ్చది వెలుగుతోంది. నొక్కాను.

నేనే నొక్కాను తల్లీ. ఆ అరుపు విని ఎర్రది కూడా నేనే నొక్కాను.

వాణ్ణి బయటికి లాగి బండెక్కించాక వెనక్కొస్తే, స్క్రీను వెనక గోడవార చెప్పు కనపడింది. ఎడమకాలిది. తీసి జేబురుమాల్లో చుట్టి నా పెట్టెలో దాచాను. ఎందుకు దాచావని నువ్వడక్కు, ఈ ఒక్కసారీ అడక్కు. వాడు తాళం మర్చిపోయానని ఒప్పుకున్నది నాకోసం. నిజం చెబితే నేను నొక్కానని తేలుతుంది కదా. నేను వాడి మంచం దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. పళ్ళు తీసుకెళ్ళాను. చెప్పు తీసుకెళ్ళలేదు. వాడు ఒక్కసారి కూడా నన్ను అడగలేదు, నిన్ను అడిగాడు. అడిగితే నేను తలొంచుకుంటానని వాడికి తెలుసు.

నీ దగ్గర సిగ్గు పడకూడదని మొదలెట్టిన పని ఇది. ఇప్పుడు నా సిగ్గు ఒక మంచమంత అయింది, ఆరో నంబరు మంచమంత. నా వల్ల నీ మొదటి సంతకం కూడా పాడైంది.

చెప్పు ఇప్పుడు నా ఒళ్ళో సంచీలో ఉంది. లోపలికెళ్ళి వాళ్ళ బల్ల మీద పెడతా. తర్వాత వాళ్ళ ఇష్టం. నన్ను తీసేస్తే ఇంట్లో కూర్చుని నీ అట్టముక్కలు నొక్కుతా, ఈసారి మనసులో మాట పైకి చెబుతూ.

కోర్సు మానకు. మీ మాస్టారు రాసిన మాట గొప్పదే కానీ, దాని కింద ఇంకొకటి రాయమను. బానే ఉంది అనేవాణ్ణి చూస్తే స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకోవాలి. పిడి మెడ ఎందుకు అరిగిందని అడిగింది నువ్వొక్కదానివే. నువ్వు సరైన చోటే వేలు పెట్టావు, నేనే ఆ వేలు పక్కకి తోశాను.

ఇంకొకటి. స్క్రీను పక్కన ఒక కొక్కెం పెట్టించు. మామూలు ఇనప కొక్కెం. దానికి చెప్పు బరువు ఉన్నంతసేపూ పచ్చది వెలగకూడదు. అది ఎలా చెయ్యాలో నాకు తెలీదు, నీకు తెలుస్తుంది. తెలియకపోతే తెలియదని నాకు రాయి, నేను నవ్వను.

బక్కోడు వచ్చాడమ్మా. భుజానికి కట్టు, కాళ్ళకి ఆసుపత్రి వాళ్ళ రబ్బరు చెప్పులు. నా సంచీ వైపు చూశాడు. పక్కన కూర్చుని, "అరిగిపోయిందిలే, కొత్తది కొనుక్కుంటా" అన్నాడు. తర్వాత నేను సంచీలో చెయ్యి పెట్టి చెప్పు తీసి వాడి కాలి దగ్గర పెట్టాను. వాడు తొడుక్కోలేదు. కాలితో మెల్లిగా నావైపే తోశాడు, లోపల కావాలిగా అన్నట్టు.

తలుపు తెరిచారు. గుమాస్తా నన్నే పిలుస్తున్నాడు. ఈ తలుపుకి కూడా అచ్చం మన పాత పిడిలాంటి పిడే ఉంది. వెళ్తూ వెళ్తూ నా కుడికాలి చెప్పు దానికి తగిలించి పోతున్నా, నేను బయటికొచ్చేదాకా ఎవరూ దాన్ని